ఠాణాకు తోడొచ్చేవాడికే ఓటు: వరంగల్ బల్దియా ఎన్నికలు, నేరాల భయం

రెండేళ్ల కింద ఇంటి ముందు పెట్టిన మా బండి రాత్రికి రాత్రే మాయమైంది. పొద్దున పాల ప్యాకెట్ కోసం గేటు తీస్తే స్టాండు వేసిన చోట నూనె మరక తప్ప ఏమీ లేదు. 100కు ఫోన్ చేయబోతుంటే ఎదురింటి పెద్దాయన గోడ అవతలి నుంచే ఆపాడు. "ఆగరాదు సారూ. ముందుగాల్ల కార్పొరేటర్‌కు చెప్పు. ఆయన ఒక్క ఫోన్ కొడితే ఠాణాల కుర్సీ ఏస్తరు. లేకుంటె పొద్దుందాక నిలవెడ్తరు."

నేను వినలేదు, నేరుగా వెళ్లాను. పొద్దుందాకా కాదు గానీ మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. దరఖాస్తు తీసుకున్నారు, రసీదు అడిగితే రేపు రమ్మన్నారు. ఎఫ్ఐఆర్ కాపీ చేతికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిదో రోజు నా వెంట స్టేషన్‌కు వచ్చింది ఎవరంటే, కార్పొరేటర్ పంపిన మనిషి. చదువుకున్నవాణ్ణి, చట్టం తెలిసినవాణ్ణి అనుకునే నాకే చివరికి తోడు కావలసి వచ్చింది.

బండి దొరకలేదు. కానీ ఓట్ల మాట వచ్చినప్పుడల్లా ఎదురింటాయన మాటే గుర్తొస్తుంది. నేరాలు పెరిగితే జనం అధికార పార్టీకి ఓటుతో బుద్ధి చెబుతారని టీవీ చర్చల్లో తేలిగ్గా అనేస్తుంటారు. వరంగల్‌లో డివిజన్ (వార్డు) ఎన్నికలను కాస్త దగ్గరగా చూసినవాళ్లకు లెక్క అంత సూటిగా కనిపించదు. నేరాల భయం ఓటును కదిలిస్తుంది, నిజమే. అయితే అది పోయే దారి వేరు.

ఒకే ఊరు, ఇద్దరు కమిషనర్లు

మొదట ఒక చిక్కు విప్పుకోవాలి. వరంగల్‌లో ఇద్దరు కమిషనర్లు ఉంటారు. ఒకరు బల్దియా (నగరపాలక సంస్థ) కమిషనర్, ఇంకొకరు పోలీస్ కమిషనర్. పేపర్‌లో "కమిషనర్ హెచ్చరిక" అని హెడ్డింగ్ కనిపిస్తే అది చెత్త గురించో దొంగల గురించో లోపలికి వెళ్లి చదివితే గానీ తెలియదు. మేయర్ కౌన్సిల్ సమావేశంలో కూర్చోబెట్టి లెక్క అడగగలిగేది మొదటి కమిషనర్‌నే. రెండో ఆయనకు విజ్ఞప్తి మాత్రమే చేయగలరు.

ఇది మనవాళ్ల చేతకానితనం కాదు, రాజ్యాంగం గీసిన గీత. ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో మొదటి అంశం ప్రజాశాంతి, రెండోది పోలీసు. పట్టణ పాలక సంస్థలకు ప్రాణం పోసిన 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన పన్నెండో షెడ్యూలులో 18 పనులున్నాయి. పట్టణ ప్రణాళిక, రోడ్లు, నీళ్లు, మురికివాడల అభివృద్ధి, పార్కులు, శ్మశానాలు, జనన మరణాల నమోదు, చివరికి కబేళాలు కూడా. పోలీసు లేదు. కొంచెమైనా దగ్గరగా ఉన్నది ఒక్కటే. వీధిదీపాలు, పార్కింగ్, బస్టాపులు, మరుగుదొడ్లు కలిపి రాసిన పదిహేడో అంశం.

న్యూయార్క్‌లో పోలీసు శాఖ అధిపతిని నియమించేది మేయరే. 2021లో అక్కడ ఎరిక్ ఆడమ్స్ అనే రిటైర్డ్ పోలీస్ కెప్టెన్ నేరాలను అదుపు చేస్తానని చెప్పి మేయర్‌గా గెలిచారు. అదే ఏడాది మన గ్రేటర్ వరంగల్‌కూ ఎన్నికలు జరిగాయి. ఇక్కడ మేయర్ కానిస్టేబుల్‌ను కూడా బదిలీ చేయించలేరు. పైగా మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకోరు. కార్పొరేటర్లు, వాళ్లతో పాటు పదవి రీత్యా (ఎక్స్ అఫీషియో) ఓటు వేసే ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు కలిసి ఎన్నుకుంటారు. బయటి దేశాల కథలు చదివి, నేరాలు పెరిగితే మేయర్ కుర్చీ కదులుతుందనే సూత్రాన్ని ఇక్కడికి తెస్తే అందుకే పొసగదు.

ఎల్లలు కూడా కలవవు. వరంగల్ పోలీస్ కమిషనరేట్ 2015లో ఏర్పడింది. ఇప్పుడు దాని కింద హనుమకొండ, వరంగల్, జనగామ జిల్లాలున్నాయి. గ్రేటర్ వరంగల్ దాదాపు 400 చదరపు కిలోమీటర్లు, 66 డివిజన్లు. ఒక డివిజన్‌లో సుమారు పదివేల ఓట్లు. డివిజన్ గీతకూ ఠాణా గీతకూ సంబంధం లేదు. మా డివిజన్‌లో రోడ్డుకు ఇటు ఒక స్టేషన్, అటు ఇంకొకటి. రోడ్డు మధ్యలో మెడలో గొలుసు తెంచుకుపోతే ముందు తేలాల్సింది దొంగ ఎవరన్నది కాదు, హద్దు ఎవరిదన్నది.

కొత్త చట్టంలో ఈ హద్దు గొడవ ఉండకూడదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. అంతకుముందే, 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చేసింది: పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమని ఫిర్యాదులో కనబడితే ఎఫ్ఐఆర్ రాయాల్సిందే, ఇష్టాయిష్టాలు లేవు. పుస్తకంలో ఉన్న ఈ మాటకూ ఠాణా గుమ్మానికీ మధ్య ఉన్న దూరంలోనే మన స్థానిక రాజకీయం బతుకుతోంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

నేరం పెరిగిందని ఎట్లా తెలుస్తుంది?

ఏటా డిసెంబరు చివర్లో పోలీస్ కమిషనర్ ప్రెస్ మీట్ పెట్టి ఆ ఏడాది నేరాల చిట్టా చదువుతారు. హత్యలు ఇన్ని, దొంగతనాలు ఇన్ని, కిందటేడుతో పోలిస్తే ఇంత శాతం తేడా. మర్నాడు అధికార పార్టీ వాళ్లు తగ్గినవి చూపిస్తారు, ప్రతిపక్షం వాళ్లు పెరిగినవి చూపిస్తారు. కానీ ఆ అంకెలు మూడు జిల్లాలవి. పాలకుర్తి పొలం గట్టు మీద జరిగిన కొట్లాట, హన్మకొండ చౌరస్తాలో జరిగిన జేబుదొంగతనం ఒకే మొత్తంలో కలిసిపోతాయి. దేశం మొత్తానికి లెక్కలు రాసే నేర గణాంకాల బ్యూరో నివేదికలో నగరాలకు ప్రత్యేక అధ్యాయం ఉంటుంది గానీ అది 20 లక్షల జనాభా దాటిన మహానగరాలకే. తెలంగాణ నుంచి అందులో ఉండేది హైదరాబాద్ ఒక్కటే.

అంటే తన డివిజన్‌లో ఈ ఐదేళ్లలో నేరాలు పెరిగాయా తగ్గాయా అని తెలుసుకునే మార్గం వరంగల్ ఓటరుకు లేదు. కార్పొరేటర్‌కూ లేదు. అంకె లేని చోట కథే అంకె అవుతుంది. పక్క గల్లీలో తాళం పగలగొట్టారన్న వార్త, వాట్సాప్ గ్రూపులో తిరిగే సీసీ కెమెరా క్లిప్పు. ఆ క్లిప్పు మన ఊరిదో కాదో చూసుకునే ఓపిక ఎవరికుంటుంది?

ఇంకో తిరకాసు కూడా ఉంది. మంచి అధికారి వచ్చి ప్రతి దరఖాస్తుకూ ఎఫ్ఐఆర్ రాయిస్తే కేసులు పెరుగుతాయి. ఆడవాళ్ల వేధింపులను చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్ మీద నమ్మకం కుదిరి ఆడపిల్లలు ఫిర్యాదు చేయడం మొదలుపెడితే వేధింపుల కేసులు పెరుగుతాయి. చెత్త అధికారి హయాంలో అంకెలు ముద్దుగా ఉంటాయి. నా బండిలాంటివి తొమ్మిది రోజులు కాకుండా ఎప్పటికీ దరఖాస్తుగానే ఉండిపోతే, ఆ ఏడాది మా ఏరియాలో బండి దొంగతనాలు తగ్గినట్టే లెక్క.

పెద్ద నేరాలు ఓటు పెట్టె దాకా రాలేదు

వరంగల్ మర్చిపోలేని నేరాలు కొన్ని ఉన్నాయి. 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. నిందితులు ముగ్గురూ మూడు రోజుల్లోనే మామునూరు దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అప్పటి ఎస్పీ సజ్జనార్‌కు పూలదండలు పడ్డాయి. పదకొండేళ్ల తర్వాత ఆయన సైబరాబాద్ కమిషనర్‌గా ఉండగా దిశ కేసులో అదే దృశ్యం మళ్లీ చూశాం. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాప మీద జరిగిన ఘోరానికి ఊరంతా రోడ్డెక్కింది. రెండు నెలలు తిరగకుండానే కోర్టు ఉరిశిక్ష వేసింది, తర్వాత హైకోర్టు దాన్ని బతికున్నంత కాలం జైలుగా మార్చింది. 2020 మేలో గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు తేలాయి. అందరూ బతుకుదెరువుకు వచ్చిన వలస కుటుంబాల వాళ్లు. ఆ కేసులోనూ అక్టోబరు నాటికే ఉరిశిక్ష పడింది.

గొర్రెకుంట తీర్పు వచ్చిన ఆరు నెలలకు, 2021 ఏప్రిల్ 30న, గ్రేటర్ ఎన్నికలు. 66లో టీఆర్ఎస్‌కు 48, బీజేపీకి 10, కాంగ్రెస్‌కు 4. మిగిలిన నాలుగు ఇతరులకు. అంతకుముందు 2016లో 58 డివిజన్లకు టీఆర్ఎస్ గెలిచింది 44. సీట్లు పెరిగాయి, డివిజన్లు కూడా పెరిగాయి. ఆ ఎన్నికల్లో గట్టిగా వినబడింది ఏమిటి? 2020 ఆగస్టు వరద, నాలాలు, రోజూ నల్లా నీళ్లు, డబుల్ బెడ్రూం ఇళ్లు. గొర్రెకుంట మాట ఎత్తినవాళ్లు లేరనే చెప్పాలి. దిశ ఘటన జరిగిన రెండు నెలల్లోపే, 2020 జనవరి 22న, రాష్ట్రంలో 120 మున్సిపాలిటీలకు ఎన్నికలు జరిగితే అధికార పార్టీ వందకు పైగా గెలుచుకుంది.

దీన్ని చూసి జనానికి పట్టింపు లేదనుకోవడం తొందరపాటు. పెద్ద నేరం జరిగినప్పుడు జనం న్యాయం అడిగింది పోలీసును, కోర్టును, ముఖ్యమంత్రిని. కార్పొరేటర్‌ను అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఒక రకంగా పన్నెండో షెడ్యూలును చదవకుండానే సరిగ్గా అర్థం చేసుకున్నారు. శిక్ష వేగంగా పడితే, లేదా పడినట్టు కనిపిస్తే, కోపం అక్కడే చల్లారింది. ఆ చల్లార్చిన పద్ధతులన్నీ నాకు నచ్చాయని కాదు. కాల్పులకు దండలు వేసిన చోట దర్యాప్తు నాణ్యత గురించి అడిగే గొంతు మూగబోతుంది, అది వేరే వ్యాసం.

ఇంకొక మాట. ఈ నగరంలో నేరానికి సులువుగా చిక్కేవాళ్లలో చాలామందికి ఇక్కడ ఓటు లేదు. నయీంనగర్, కిషన్‌పుర హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కు పోయే ఆడపిల్లల ఓటు భూపాలపల్లిలోనో మహబూబాబాద్‌లోనో ఉంటుంది. గోదాముల్లో, ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడియా, బిహారీ కూలీలది ఇంకెక్కడో. చీకటి పడ్డాక కాకతీయ యూనివర్సిటీ (కేయూ) రోడ్డు మీద ఎక్కువ భయపడే పిల్ల ఆ డివిజన్ ఓటర్ల జాబితాలోనే లేనప్పుడు, ఆమె భయానికి ఇంటింటి ప్రచారంలో ఎవరు లెక్క కడతారు?

చిన్న నేరమే ఇంటి దాకా వస్తుంది

డివిజన్ స్థాయిలో జనం మాట్లాడేది చిన్న నేరాల గురించి. మేడారం జాతరకో సంక్రాంతికో ఊరెళ్లి వచ్చేసరికి బీరువా తెరిచి ఉండటం. వాకింగ్‌కు పోయిన అమ్మ మెడలో పుస్తెలతాడు. అన్నిటికంటే మించి, గంజాయి.

గంజాయి మాట వరంగల్‌లో ఊరికే రాలేదు. కాజీపేట దక్షిణాదిని ఉత్తరాదితో కలిపే పెద్ద జంక్షన్. ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం మీదుగా రోడ్డున వచ్చినా, రైల్లో సంచిలో వచ్చినా, మహారాష్ట్ర వైపు పోయే సరుకుకు ఇది నడిమి మజిలీ. 2025లో ఈగల్‌గా పేరు మారిన రాష్ట్ర యాంటీ నార్కోటిక్స్ బ్యూరోకు హైదరాబాద్ చుట్టుపక్కల కాకుండా బయట ప్రత్యేక ఠాణా పెట్టింది వరంగల్‌లో. సరుకు పోతూ పోతూ దారిలో కొంత ఒలుకుతుంది. పాడుబడ్డ క్వార్టర్ల వెనుక, ఖాళీ ప్లాట్లలో, చెరువు కట్టల మీద కూర్చునే పిల్లల్ని జనం "గంజాయి బ్యాచ్" అంటారు. వాళ్లలో ఎంతమంది నిజంగా తాగుతారో, ఎంతమంది ఊరికే ఫోన్ పట్టుకుని కూర్చుంటారో ఎవరికీ తెలియదు. బస్తీ పిల్లలైతే బ్యాచ్, కాలనీ పిల్లలైతే ఫ్రెండ్స్. ఈ తేడా కూడా ఓట్లలో కనబడుతుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గర అభ్యర్థి "గంజాయి బ్యాచ్ పని పడతా" అంటాడు. అదే అభ్యర్థి సాయంత్రం బస్తీకి పోయి "మన పిలగాండ్లను పోలీసులు ఊకె పట్కపోతున్నరు, నేను చూసుకుంట" అంటాడు. రెండు చోట్లా చప్పట్లే.

సైబర్ మోసం సంగతి ఇంకా విచిత్రం. డిజిటల్ అరెస్టు అని బెదిరించి రిటైర్డ్ టీచర్ పింఛను డబ్బులు ఊడ్చుకుపోయేవాడికి డివిజన్ లేదు, జిల్లా లేదు, చాలాసార్లు దేశమే లేదు. నష్టం పెద్దది. రాజకీయంగా మాత్రం దాన్ని ఎవరూ ముట్టుకోరు. బాధితుడు సిగ్గుపడి చెప్పుకోడు, చెప్పుకున్నా తోడొచ్చి చేసేదేమీ లేదు. వెంటనే 1930కి ఫోన్ చేయడం ఒక్కటే.

తోడు అనే సరుకు

ఇప్పుడు మొదట్లో వదిలేసిన సంగతికి వద్దాం.

మన దగ్గర ఓటరు కార్పొరేటర్ నుంచి కోరేది నేరాలు తగ్గించమని కాదు. తనకు కష్టం వచ్చిన రోజు ఠాణాకు తోడు రమ్మని. కొడుకును పట్టుకుపోతే విడిపించాలి, బండి పోతే కేసు రాయించాలి, అల్లుడు బిడ్డను కొడితే పిలిపించి మాట్లాడాలి, కిరాయిదారు ఖాళీ చేయకపోతే భయపెట్టాలి. "మంచోడేనా?" అన్న ప్రశ్న కంటే "ఫోన్ ఎత్తుతడా?" అన్నదే పెద్దది. అర్ధరాత్రి ఫోన్ ఎత్తేవాడి మీద నాలుగు కేసులుంటే ఉండనీ. నామినేషన్‌తో పాటు క్రిమినల్ కేసుల అఫిడవిట్ ఇవ్వాలన్న నిబంధన ఉంది, ఇస్తున్నారు కూడా. దాన్ని చదివి ఓటు మార్చుకున్నవాళ్లను నేను చూడలేదు. కేసులున్నాయంటే ఠాణాలో పరిచయాలున్నాయని అర్థం చేసుకునేవాళ్లను మాత్రం చూశాను. వినడానికి ఎగతాళిగా ఉంటుంది గానీ, అందులో ఒక తర్కం ఉంది. వ్యవస్థ నా మాట వినదని తెలిసినవాడు దాన్ని కదిలించగల మనిషిని వెతుక్కుంటాడు. అది తెలివితక్కువ ఓటు కాదు.

ఈ తోడుకు శక్తి ఎక్కడిది? కార్పొరేటర్‌కు పోలీసు మీద అధికారం లేదని చెప్పుకున్నాం కదా. ఆ శక్తి ఎమ్మెల్యే నుంచి అరువు తెచ్చుకున్నది. ఎమ్మెల్యే మాట లేకుండా సీఐ పోస్టింగ్ నిలవదన్నది జనంలో గట్టిగా పాతుకున్న నమ్మకం. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రెండేళ్లు నిండకుండానే పెట్టె సర్దుకున్న సీఐలు మన ఊళ్లో ఎందరో. అందుకే డివిజన్ ఎన్నికలో అధికార పార్టీ అభ్యర్థికి చెప్పకుండానే ఒక మొగ్గు ఉంటుంది. ఎమ్మెల్యే పార్టీ, కార్పొరేటర్ పార్టీ ఒకటైతే ఠాణాలో మాట చెల్లుతుంది. ప్రతిపక్షం కార్పొరేటర్ ఎంత మంచివాడైనా బయట బెంచీ మీదే కూర్చుంటాడు. గెలిచాక పార్టీలు మారడానికి కారణాలు చాలా చెబుతారు గానీ, ఈ బెంచీ కూడా ఒక కారణం.

చిక్కు ఏమిటంటే, తోడు వచ్చేవాడు ఒక్క మనకే రాడు. బండి పోయినవాడికి తోడు వస్తాడు, బండి ఎత్తుకుపోయిన పిల్లాడి తల్లి ఏడిస్తే ఆమెకూ వస్తాడు. ఇద్దరివీ ఓట్లే. అప్పుడు కేసు కాకుండా పంచాయితీ అవుతుంది. ఎంతో కొంత ఇప్పించి రాజీ చేస్తారు. బాధితుడికి సగం డబ్బు, పిల్లాడికి ధైర్యం, కార్పొరేటర్‌కు రెండు కుటుంబాల ఓట్లు, ఠాణాకు ఒక కేసు తక్కువ. అందరూ కొంత గెలిచిన ఈ బేరంలో నేరం మాత్రం తగ్గదు. గృహహింసలో ఇది మరీ దారుణం. పెద్దమనుషులు కూర్చోబెట్టి "సర్దుకుపో బిడ్డా" అన్న ప్రతి పంచాయితీ వెనుక ఒక రాయని ఎఫ్ఐఆర్ ఉంటుంది.

కౌన్సిల్‌లో సగం సీట్లు మహిళలవి. 2021లో మేయర్, డిప్యూటీ మేయర్ ఇద్దరూ మహిళలే, గుండు సుధారాణి, రిజ్వానా షమీమ్. అయినా డివిజన్లలో ఠాణాకు పోయి కూర్చునేది చాలాచోట్ల కార్పొరేటర్ గారి భర్త. ఆడవాళ్ల ఫిర్యాదుకు ఆడమనిషి తోడొస్తుందన్న ఆశ ఆ కుర్చీ దగ్గరే ఆగిపోతుంది.

భూమి దగ్గర కథ తిరగబడుతుంది

ఒక్క నేరంలో మాత్రం బల్దియా చేతికి నిజంగా పట్టు ఉంది. భూకబ్జా.

వరంగల్‌లో చెరువుల శిఖం భూములు, నాలాల అంచులు, అమెరికాలో ఉన్నవాళ్ల ఖాళీ ప్లాట్లు, 2013లో నగరంలో కలిసిన 42 గ్రామాల పొలాలు, ఇవన్నీ కబ్జాకు ఆహ్వానాలే. పద్ధతి దాదాపు ఒకటే. ముందు రాత్రికి రాత్రి ప్రహరీ, ఒక రేకుల గది. తర్వాత కరెంటు మీటరు. ఆ తర్వాత ఇంటి నంబరు, ఆస్తి పన్ను రసీదు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదని చట్టం చెబుతుంది. కానీ కోర్టులో ఏళ్లు సాగదీయడానికి, కొనేవాడికి చూపించడానికి ఆ రసీదు చాలు. ప్రభుత్వ భూముల్లో ఆక్రమణల క్రమబద్ధీకరణకు 2014 డిసెంబరులో వచ్చిన 58, 59 జీవోల్లో కూడా స్వాధీనంలో ఉన్నట్టు రుజువుగా పనికొచ్చేవి ఇలాంటి కాగితాలే. పేదల కోసం తెరిచిన తలుపులోంచి ఎవరెవరు దూరారో నగరానికి తెలుసు.

ఈ గొలుసులో ఇంటి నంబరు బల్దియాది, పన్ను బల్దియాది, నిర్మాణ అనుమతి బల్దియాది. 2019 మున్సిపాలిటీల చట్టం, నిర్మాణ అనుమతుల కోసం తెచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టం అక్రమ కట్టడాన్ని నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఇచ్చాయి. అంటే కార్పొరేటర్ నిలదీయగల, ఆపగల నేరం ఇదొక్కటే. సరిగ్గా ఈ నేరంలోనే కార్పొరేటర్ల పేర్లు వినబడటం వరంగల్ విషాదం. రంగనాథ్ పోలీస్ కమిషనర్‌గా ఉన్న 2022 చివరి నుంచి 2023 అక్టోబరు దాకా భూకబ్జా ఫిర్యాదులతో ఆయన ఆఫీసు ముందు జనం బారులు తీరారు. ఆ కాలంలోనే అధికార పార్టీ కార్పొరేటర్ ఒకరు అరెస్టు అయ్యారు కూడా.

మరి భూకబ్జా ఓటును ఎందుకు మార్చదు? ప్లాటు పోయినవాడు చాలాసార్లు ఆ డివిజన్‌లో ఉండడు. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు. కబ్జా చేసినవాడి చుట్టూ తిరిగే ఇరవై మంది మాత్రం అదే డివిజన్‌లో ఉంటారు, ఎన్నికల్లో పోల్ చీటీలు పంచేదీ వాళ్లే. కబ్జా అయిన నాలా వల్ల నష్టపోయేవాళ్లు మటుకు అక్కడే ఉంటారు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో ఇళ్లలోకి నీళ్లు వచ్చినవాళ్లు. వాళ్ల కోపం ఓటుగా మారింది కొంత. కానీ అది "వరద సమస్య" పేరుతో వచ్చింది, "నేరం" పేరుతో కాదు. నాలా మీద గోడ కట్టడం నేరమన్న మాట ప్రచారంలో వినబడి ఉంటే కథ ఎట్లా ఉండేదో.

స్తంభం నంబరు

బల్దియా చేతిలో ఉన్న ఇంకొన్ని పనులు నేరాల పద్దులోకి రావలసినవే. వెలగని దీపం, పిచ్చిచెట్లు పెరిగిన ఖాళీ ప్లాటు, తలుపు విరిగిన ఆడవాళ్ల మరుగుదొడ్డి, గేటు లేని పార్కు. కెమెరాలకు చందాలు వేసుకుని ఫోటోలు దిగుతాం. ఏడాది తిరిగేసరికి కోతులు తీగలు పీకేస్తే బాగుచేసే పద్దు ఎవరిదో తేలదు. వంద మంది గుమికూడే సంస్థలు కెమెరాలు పెట్టి ముప్పై రోజుల ఫుటేజీ దాచాలని 2013 ప్రజాభద్రత చట్టం చెబుతుంది. ఫంక్షన్ హాల్‌కు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు బల్దియా ఆ ఒక్క ప్రశ్న అడిగితే సగం పని అవుతుంది.

భయమంటే నేరమే కానక్కర్లేదు. 2023 మేలో కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గర ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి వీధికుక్కలు చంపాయి. ఆ తర్వాత నెలల తరబడి మా గల్లీ తల్లులు పిల్లల్ని ట్యూషన్‌కు ఒంటరిగా పంపలేదు. ఏ దొంగా అంత భయపెట్టలేదు. కుక్కలు పూర్తిగా బల్దియా బాధ్యత. దాన్ని "శాంతిభద్రతల వైఫల్యం" అని ఎవరూ అనలేదు.

2019 చట్టంలో ప్రతి వార్డుకు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరుల పేరిట నాలుగు కమిటీలున్నాయి, ఒక్కోదానిలో 15 మంది. మొత్తం అరవై మంది. ఆ అరవై మంది ఒక రాత్రి డివిజన్ అంతా నడిచి చీకటి మూలల లెక్క రాస్తే, అది ఏ పోలీసు నివేదికలోనూ లేని కాగితం అవుతుంది. మా డివిజన్ కమిటీలో నా పేరు ఉందో లేదో నాకే తెలియదు, ఎందుకంటే జాబితా ఎక్కడా అంటించలేదు.

జవాబుదారీతనం తెగిపోవడానికి ఇంకో మామూలు కారణం కూడా ఉంది. 2021లో 58 డివిజన్లను 66 చేసినప్పుడు గీతలు మారాయి. ఏప్రిల్ 15న నోటిఫికేషన్, 30న పోలింగ్, మధ్యలో కరోనా రెండో అల. తమ ఇల్లు ఏ డివిజన్‌లో ఉందో తెలుసుకునేలోపే ఓటు వేసే రోజు వచ్చింది. పోలింగ్ సగానికి కాస్త తక్కువ. పాత కార్పొరేటర్ పక్క డివిజన్‌కు పోయాడు, కొత్తవాడు ముందు జరిగిన దానితో నాకేం సంబంధం అన్నాడు. శిక్షించాలనుకున్న ఓటరుకు ఎదురుగా శిక్షించదగ్గ మనిషే లేడు.

మొన్న ఎదురింటాయన అరుగు మీద కూర్చుంటే అడిగాను, ఈసారి ఓటు అడగడానికి వచ్చినవాళ్లను ఏమడుగుతావని. "గదే. రాత్రి పన్నెండుకు ఫోన్ ఎత్తుతవా అని." నా బండి పోయిన రాత్రి మా గల్లీ మూల స్తంభం మీద దీపం వెలగడం లేదు. ఆ ముందు మూడు నెలల నుంచీ వెలగడం లేదు. స్తంభం మీద పసుపు రంగుతో నంబరు రాసి ఉంటుంది, ఫిర్యాదు చేయాలంటే ఆ నంబరు చెప్పాలి. "ఆ దీపం సంగతి అడగవా?" అన్నాను. ఆయన అటు తిరిగి స్తంభం వైపు చూశాడు. "దానికి నంబరున్నదా?" అన్నాడు.